గేట్లు ఎత్తినా మట్టం ఎందుకు తగ్గదు, కాలువకు వదిలితే ఎందుకు పడిపోతుంది?

అడిగినవారి ప్రశ్న క్లుప్తంగా ఇది: "మాది వర్ధన్నపేట పక్కన, కాకతీయ కాలువ కింద చివరి ఆయకట్టు. వానాకాలంలో శ్రీరాంసాగర్ గేట్లెత్తి రోజుల తరబడి లక్షల క్యూసెక్కులు కిందికి వదులుతారు. అయినా మట్టం 1091 అడుగుల దగ్గరే ఉందని పేపర్లో వస్తుంది. అదే యాసంగిలో కాలువకు ఐదారు వేల క్యూసెక్కులు వదిలితే చూస్తుండగానే అడుగులకు అడుగులు దిగిపోతుంది. ఇదెలా సాధ్యం? పైన గేట్లెత్తితే మా ఎల్‌ఎండీ (లోయర్ మానేరు డ్యామ్) ఎన్ని రోజులకు నిండుతుంది? ఆ వార్తలు చూసి యాసంగి నాటుకు సిద్ధం కావచ్చా?"

నేను నీటిపారుదల శాఖలో పనిచేసి రిటైరయ్యాను. ఎక్కువ కాలం కాలువల మీదే గడిచింది, కొన్నేళ్లు డ్యామ్ గేజ్‌ల దగ్గర కూడా ఉన్నాను. తెలిసినంత వివరంగా చెప్తాను.

ముందు సూటి జవాబు. మట్టాన్ని కదిలించేది వదిలిన నీళ్ల లెక్క ఒక్కటే కాదు. వచ్చేదానికీ పోయేదానికీ మధ్య ఉన్న తేడా. రెండు లక్షల క్యూసెక్కులు వస్తుంటే రెండు లక్షలే వదిలితే మట్టం వెంట్రుకవాసి కూడా కదలదు. పైనుంచి చుక్క రాని ఫిబ్రవరిలో ఆరు వేలు వదిలితే ఆ ఆరు వేలూ నిల్వలోంచే పోతాయి. ఇక రెండోది: శ్రీరాంసాగర్ గేట్లెత్తితే ఎల్‌ఎండీ నిండదు. ఆ నీళ్లు వెళ్లే దారి వేరు. మూడోది: గేట్లెత్తిన వార్త చూసి నాటు నిర్ణయం తీసుకోవద్దు.

ఇప్పుడు లెక్కలోకి వద్దాం. ఒక క్యూసెక్కు అంటే సెకనుకు ఒక ఘనపుటడుగు. ఒక టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు. రోజుకు 86,400 సెకన్లు కాబట్టి 11,574 క్యూసెక్కులు ఒక రోజంతా పారితే ఒక టీఎంసీ అవుతుంది. ఈ ఒక్క అంకె గుర్తుంటే పేపర్లో వచ్చే ఏ ప్రాజెక్టు వార్తనైనా మీరే లెక్కగట్టుకోవచ్చు. రెండు లక్షల క్యూసెక్కులంటే రోజుకు 17 టీఎంసీలకు పైగా. శ్రీరాంసాగర్ మొత్తం సామర్థ్యం ఇప్పుడు 80.5 టీఎంసీలు. అంటే వరద రాకుండా ఆ లెక్కన వదిలితే ఐదు రోజులు తిరగకుండానే ప్రాజెక్టు ఖాళీ. అలా జరగడం లేదంటే పైనుంచి అంతే వస్తోందన్నమాట.

వరద రోజుల్లో గేట్ల దగ్గర జరిగే పని కూడా ఇదే. నిండిన ప్రాజెక్టులో ఇంకా నిల్వ చేయడానికి చోటుండదు. వచ్చింది వచ్చినట్టు పంపాలి. 42 గేట్లలో కొన్నింటిని కొన్ని అడుగులు ఎత్తి, గంటగంటకూ మట్టం చూసి, పెరుగుతుంటే ఇంకో గేటు, తగ్గుతుంటే ఒకటి దించడం. సీజన్ చివరికి వచ్చేసరికి మట్టాన్ని పూర్తి మట్టమైన 1091 దగ్గర నిలపడమే వాళ్ల లక్ష్యం. కాబట్టి లక్షలు వదులుతున్నా 1091లోనే ఉందంటే ఆ పని సరిగ్గా జరుగుతున్నట్టు. 2,10,000 వస్తుంటే 2,00,000 వదిలారనుకోండి. తేడా పదివేలు, రోజుకు ముప్పాతిక టీఎంసీకి కాస్త ఎక్కువ. నిండిన శ్రీరాంసాగర్‌లో అది రెండున్నర అంగుళాల పెరుగుదల. పేపర్లో అది కనబడను కూడా కనబడదు.

ఇక యాసంగి సంగతి. ఇక్కడ చాలామంది పట్టించుకోని విషయం ఒకటుంది. అడుగు అంటే అన్ని చోట్లా ఒకే నీళ్లు కాదు. జలాశయం మూకుడు లాంటిది, పైన వెడల్పు, కిందికి పోయేకొద్దీ ఇరుకు. శ్రీరాంసాగర్‌లో 1090 నుంచి 1091కి మధ్య ఒక్క అడుగులో సుమారు 4 టీఎంసీలు పడతాయి. 1070 దరిదాపుల్లో అదే అడుగులో ఉండేది సుమారు 2 టీఎంసీలే. కాలువకు 6,000 క్యూసెక్కులు పోతున్నాయనుకుందాం, రోజుకు సుమారు అర టీఎంసీ. నిండుగా ఉన్నప్పుడు ఒక అడుగు దిగడానికి ఎనిమిది రోజులు దాకా పడుతుంది. 1070 దగ్గర నాలుగు రోజులు కూడా పట్టదు. వదిలేది ఒక్కటే, దిగే వేగం రెట్టింపు. మార్చిలో "నీళ్లు ఎక్కడికో మళ్లించేస్తున్నారు" అని ఊళ్లో మాట పుడుతుంది చూడండి, చాలాసార్లు దానికి కారణం ఈ మూకుడే.

దీనికి ఎండ తోడవుతుంది. వేసవిలో రోజుకు ఎనిమిది, పది మిల్లీమీటర్ల నీరు ఆవిరైపోతుంది. వినడానికి చిన్నదే. కానీ శ్రీరాంసాగర్ సగం ఉన్నప్పుడు కూడా వందల చదరపు కిలోమీటర్ల నీటి పరపు. రోజుకు కొన్ని వందల క్యూసెక్కులు గాల్లోకి పోతున్నట్టే లెక్క. ఒక మోస్తరు డిస్ట్రిబ్యూటరీకి, అంటే ప్రధాన కాలువ నుంచి చీలే ఉపకాలువకు, సరిపోయే నీళ్లవి. మిషన్ భగీరథ తాగునీటి పథకానికి తీసుకునేది అదనం. అందుకే కాలువ కట్టేసిన రోజుల్లో కూడా మట్టం కొంచెం కొంచెం దిగుతూనే ఉంటుంది.

కరెంటు కోసం నీళ్లు వదిలేస్తున్నారన్న ఫిర్యాదు కూడా తరచూ వింటుంటాను. శ్రీరాంసాగర్ జలవిద్యుత్ కేంద్రం, 36 మెగావాట్లది, కాకతీయ కాలువ మొదట్లోనే ఉంది. టర్బైన్ తిప్పిన నీళ్లు వచ్చి పడేది కాలువలోకే. మీ పొలానికి రావాల్సిన నీళ్లే దారిలో కరెంటు ఇచ్చి వస్తున్నాయి, దానికోసం విడిగా మట్టం తగ్గడం లేదు.

ఇప్పుడు గేజ్ గురించి కొంచెం చెప్పాలి, ఎందుకంటే మీరు పేపర్లో చూసే అంకెలన్నీ అక్కడే పుడతాయి. నీళ్లలోకి దిగే గోడ మీద అడుగులు, అడుగులో పదో వంతులు రంగుతో గుర్తులు వేసి ఉంటాయి. రాత్రిపూట టార్చ్ వేసి చూస్తే అల ఒకసారి గుర్తు పైకి ఎక్కుతుంది, ఒకసారి కిందికి జారుతుంది. కాసేపు నిలబడి, అల పై అంచుకీ కింది అంచుకీ మధ్యన ఎక్కడుందో చూసి రాసుకోవాలి. గాలి కట్టవైపు వీస్తుంటే నీరు అటే ఒత్తుకొచ్చి గేజ్ కాస్త ఎక్కువ చూపిస్తుంది. గేట్లు ఎత్తి ఉన్నప్పుడు వాటి దగ్గర నీరు లోపలికి లాగేసినట్టు కుంగుతుంది. అందుకే గేజ్‌ను గేట్లకు దూరంగా పెడతారు. ఇప్పుడు సెన్సర్లు కూడా వచ్చాయి. అయినా అనుభవమున్నవాడు తెల్లారి ఆరింటికి ఒకసారి స్వయంగా చూసుకుంటాడు.

ఇంత వివరం ఎందుకంటే, "ఇన్‌ఫ్లో" అనేది మీటరు పెట్టి కొలిచేది కాదు. మట్టం నుంచి వెనక్కి లెక్కగట్టేది. ఎంత వదిలామో గేట్ల ఎత్తును బట్టి తెలుస్తుంది. నిల్వ ఎంత పెరిగిందో మట్టాన్ని బట్టి తెలుస్తుంది. రెండూ కలిపితే ఇన్‌ఫ్లో. నిండిన శ్రీరాంసాగర్‌లో మట్టం 0.05 అడుగు, అంటే అంగుళంలో సగానికి కాస్త ఎక్కువ, తేడాగా రాసుకున్నా 0.2 టీఎంసీ అటూ ఇటూ అవుతుంది. అదే ఒక గంట లెక్కలో పెడితే 55 వేల క్యూసెక్కుల తేడా! "గంటలో 50 వేలు పెరిగిన వరద" అని టీవీలో ఎర్ర అక్షరాలు పరుగెడుతుంటే అందులో ఎంత వరదో, ఎంత గాలో చెప్పలేం. గంట లెక్క చూసి టెన్షన్ పడకండి. ఆరేసి గంటలకు ఒకసారి చూసే అంకెను నమ్మండి, ఉదయం ఆరింటి మట్టాన్ని ముందురోజు ఆరింటి మట్టంతో పోల్చుకోండి. ఎగువన ఉన్న ప్రాజెక్టుల విడుదల కూడా చూస్తే ఇంకా మంచిది: నాందేడ్ దగ్గరి విష్ణుపురి, మంజీర మీది నిజాంసాగర్. మంజీర వచ్చి గోదావరిలో కలిసేది కందకుర్తి దగ్గర, అది శ్రీరాంసాగర్‌కు పైనే.

శ్రీరాంసాగర్‌కు ఎగువన మహారాష్ట్రలో గోదావరి మీద ఉన్న బాబ్లీ బ్యారేజీ గురించి కూడా ప్రతి సంవత్సరం అడుగుతారు కాబట్టి ఇక్కడే చెప్పేస్తాను. 2013లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ప్రకారం జులై 1 నుంచి అక్టోబరు 28 దాకా ఆ గేట్లు తెరిచే ఉంచాలి. మార్చి 1న 0.6 టీఎంసీ కిందికి వదలాలి. గేట్లు తెరిచిన రోజు నీళ్లు ఉరికొచ్చి శ్రీరాంసాగర్ నిండిపోతుందని అనుకుంటారు. బాబ్లీ సామర్థ్యమే 2.74 టీఎంసీలు. మార్చిలో వచ్చే 0.6లో కొంత ఎండిన ఇసుక తాగేస్తుంది. మిగిలింది వచ్చి కలిస్తే మట్టం పెరిగేది బెత్తెడు. ఆ నీళ్లకు విలువ లేదని అనను, వేసవిలో తాగునీటికి అది పెద్ద ఆసరా. కానీ దాన్ని చూసి పొలం లెక్కలు మార్చుకోకూడదు.

ఇప్పుడు ఎల్‌ఎండీ. మీ ప్రశ్నలో అసలు ముఖ్యమైన భాగం ఇదే.

శ్రీరాంసాగర్ స్పిల్‌వే గేట్ల నుంచి దూకిన నీళ్లు గోదావరిలో పడి పోతాయి. దారిలో కడెం వాగు నీళ్లు కలుపుకొని గోదావరి మీదే కింద ఉన్న ఎల్లంపల్లి ప్రాజెక్టుకు చేరతాయి. ఎల్‌ఎండీ ఉన్నది మానేరు మీద, కరీంనగర్ దగ్గర. నది దారిలో ఆ నీళ్లు అక్కడికి రావు. ఎల్‌ఎండీకి నీళ్లు వచ్చే దారులు వేరు. ఒకటి కాకతీయ కాలువ, శ్రీరాంసాగర్ నుంచి 146 కిలోమీటర్లు. రెండోది మానేరు మీదే ఎల్‌ఎండీకి ఎగువన ఉన్న మిడ్ మానేరు డ్యామ్ గేట్లు. శ్రీరాంసాగర్ వరద కాలువ వచ్చి చేరేది మిడ్ మానేరుకే, ఎల్లంపల్లి నుంచి ఎత్తిపోసే నీళ్లూ అందులోకే వస్తాయి. మూడోది ఎల్‌ఎండీ సొంత వాగు, మోయతుమ్మెద. హుస్నాబాద్, సిద్దిపేట వైపు గట్టి వాన పడితే పైన ఏ గేటూ ఎత్తకపోయినా ఎల్‌ఎండీ పెరుగుతుంది. కాబట్టి శ్రీరాంసాగర్ వార్తలో మీరు చూడాల్సింది "ఎన్ని గేట్లెత్తారు" కాదు, కింద చిన్నగా రాసే వాక్యం: కాకతీయ కాలువకు ఎంత, వరద కాలువకు ఎంత.

కాలువలో నీరు గంటకు మూడు, నాలుగు కిలోమీటర్లకు మించి నడవదు. పైన తూము ఎత్తిన తర్వాత ఎల్‌ఎండీలో తేడా కనబడటానికి రెండు రోజుల దాకా పడుతుంది. కాలువ ఎండిపోయి ఉంటే ఇంకా ఆలస్యం, ముందు కాలువ తాగాలి, తర్వాతే పారాలి. ఎల్‌ఎండీ నుంచి మీ వైపు రావడానికి మళ్లీ ఇదే వరుస. కాలువ కాపలా చూసే లష్కర్‌కు ఫోన్ చేసి "పొద్దున వదిలారట, ఇంకా రాలేదేంది" అని కోపపడే రైతులను ఎంతోమందిని చూశాను. ఆయన చేతిలో ఏముంటుంది? నీళ్లు నడవాలి కదా.

పరిమాణం తేడా కూడా గమనించండి. ఎల్‌ఎండీ పూర్తి మట్టం 920 అడుగులు, సామర్థ్యం 24 టీఎంసీలు. నిండుగా ఉన్నప్పుడు ఒక అడుగులో పట్టేది ఒక టీఎంసీ కూడా కాదు. అంటే శ్రీరాంసాగర్‌లో మూడు అంగుళాలు తగ్గించే నీళ్లు ఎల్‌ఎండీలో అడుగుకు పైగా పెంచుతాయి. అటు నుంచి చూస్తే, ఎల్‌ఎండీ నుంచి మీ కాలువకు 5,000 క్యూసెక్కులు వదిలి, పైనుంచి ఏమీ రాకపోతే రోజుకు అర అడుగు దిగుతుంది. వారంలో మూడున్నర అడుగులు. అది చూసి మీవైపు రైతులు కంగారు పడటం సహజమే. కానీ ఆ వారం శ్రీరాంసాగర్ నుంచి ఎంత వస్తోందో చూడకుండా ఎల్‌ఎండీ మట్టం ఒక్కటే పట్టుకుంటే సగం కథే తెలుస్తుంది. శ్రీరాంసాగర్, మిడ్ మానేరు, ఎల్‌ఎండీ మూడింటి నిల్వా టీఎంసీల్లో కలిపి చూడాలి.

చిన్న జలాశయానికి పెద్ద వరద వస్తే ఏమవుతుందో 2022 జులైలో కడెం ప్రాజెక్టు చూపించింది. సామర్థ్యం ఏడున్నర టీఎంసీలకు అటూ ఇటూ, పూర్తి మట్టం 700 అడుగులు. వచ్చిన వరద ఐదు లక్షల క్యూసెక్కులు దాటింది. ఆ లెక్కన ఖాళీ కడెం కూడా నాలుగు గంటల్లో నిండిపోతుంది. గేట్లు వదలగలిగిన దానికంటే వచ్చేది చాలా ఎక్కువ కావడంతో నీరు గేట్ల మీదుగా పొర్లింది. ఆ రాత్రి కింది ఊళ్లవాళ్లు ఇళ్లు వదిలి వెళ్లిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. వరద రాకముందే గేట్లెత్తి మట్టం ఎందుకు తగ్గిస్తారో అర్థం కావాలంటే ఈ ఒక్క ఉదాహరణ చాలు. జులై, ఆగస్టులో ప్రాజెక్టును అంచుదాకా నింపి కూర్చుంటే తర్వాతి వరదకు చోటుండదు. "నీళ్లన్నీ సముద్రం పాలు చేస్తున్నారు" అని అప్పుడు తిట్టుకుంటాం, నేనూ రైతు కుటుంబంలో పుట్టినవాణ్నే, ఆ బాధ నాకు తెలుసు. అయినా కట్ట భద్రత ముందు. కట్ట ఉంటేనే వచ్చే ఏడాది నీళ్లుంటాయి.

ప్రతి ముంపునూ గేట్ల మీదకు నెట్టలేం అని కూడా చెప్పాలి. 2023 జులైలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 64 సెంటీమీటర్లకు పైగా వాన పడింది. భూపాలపల్లి జిల్లా మోరంచపల్లిని ముంచింది పక్కనున్న వాగు. దానికీ గోదావరి ప్రాజెక్టుల గేట్లకూ సంబంధం లేదు.

ఇంకొక జాగ్రత్త, పాత సంవత్సరాలతో పోల్చేవాళ్లకు. 1091 ఎప్పుడూ 1091 అడుగులే, కానీ లోపలి నీళ్లు అవే కావు. శ్రీరాంసాగర్‌కు 1963లో నెహ్రూ శంకుస్థాపన చేశారు. అప్పటి రూపకల్పనలో సామర్థ్యం 112 టీఎంసీలు. పూడిక పేరుకుని తర్వాత సర్వేలో 90కి వచ్చింది, ఇప్పుడు 80.5. "మా నాయన కాలంలో ఇదే మట్టానికి రెండు పంటలకూ నీళ్లొచ్చేవి" అని ఎవరైనా అంటే అందులో అబద్ధం లేదు. ఆ మట్టం కింద 30 టీఎంసీల చోటు ఇప్పుడు మట్టితో నిండి ఉంది. అందుకే పాత మట్టంతో కాకుండా టీఎంసీలతోనే పోల్చండి, అదీ ఇప్పటి పట్టిక ప్రకారం.

చివరగా మీ నాటు సంగతి. గేట్లెత్తిన వార్త ఆగస్టుది, సెప్టెంబరుది. యాసంగికి లెక్కలోకి వచ్చేది అక్టోబరు చివర్లో, వరద ఆగాక మిగిలిన నిల్వ. అందులోంచి వచ్చే జులై దాకా తాగునీటికి పక్కన పెడతారు, ఆవిరికి కొంత తీసేస్తారు, అడుగున ఉండే డెడ్ స్టోరేజ్ ముట్టుకోరు. మిగిలిందాన్ని బట్టే ఎంత ఆయకట్టుకు ఇవ్వాలో, ఎన్ని తడులో, వారబందీ (వంతులవారీగా నీళ్లివ్వడం) ఎలాగో రాష్ట్రస్థాయి కమిటీ నిర్ణయిస్తుంది. మోటు లెక్కకు ఒక టీఎంసీతో ఆరుతడి పంట 10 వేల ఎకరాలు, వరి అయితే ఆరేడు వేల ఎకరాలు అనుకోండి. చివరి ఆయకట్టులో ఆ లెక్క కూడా తగ్గుతుంది, దారిలో పోయేది ఎక్కువ కదా.

మీ స్థానంలో నేనైతే ఆ ప్రకటన వచ్చేదాకా నారు పోయను. మూడింటిలో కలిపి నిల్వ బాగా ఉండి, వారబందీ తేదీలు వచ్చాక, బావో బోరో ఆసరా ఉన్న మడి వరకు వరి వేస్తాను. కాలువ ఒక్కటే దిక్కయిన మడిలో మక్కజొన్నో పల్లికాయో వేస్తాను. వరి కంకి పాలు పోసుకునే వేళకు మార్చి వస్తుంది, మట్టం వేగంగా దిగేది అప్పుడే. ఒక తడి తప్పినా తట్టుకునే పంట చివరి ఆయకట్టుకు క్షేమం.

మీ పొలం ఏ డీబీఎం (డిస్ట్రిబ్యూటరీ) కింద, ఏ తూము కింద ఉందో రాయండి. ప్రధాన కాలువ నుంచి అక్కడికి దూరం తెలిస్తే, ఎల్‌ఎండీ దగ్గర వదిలాక మీ మడికి ఎన్నో రోజున చేరుతుందో సుమారుగా లెక్కగట్టి చెప్తాను.